పిన్ కొట్టి వెల్డ్ చేసిన ఫ్లాష్ హైడర్ ఊడి రావడం లేదు

ప్రశ్న (డాలస్):
నా ఏఆర్-15 రైఫిల్ బ్యారెల్ (గొట్టం) 14.5 అంగుళాలే. చట్టం కోసం మొత్తం 16 అంగుళాలు దాటాలని, గొట్టం కొసన మెరుపు తగ్గించే ఫ్లాష్ హైడర్‌కి పిన్ కొట్టి, పైన వెల్డ్ చేసి అమ్మారు. ఇప్పుడు బ్యారెల్ నుంచి గ్యాస్ తీసుకునే గ్యాస్ బ్లాక్ మార్చాలి, అదేమో ముందు నుంచే రావాలి. రెంచ్ వేసి తిప్పినా కదల్లేదు. వేడి చేసి చూడనా?

జవాబు:
వద్దన్నా. పట్టుకుంది లాక్‌టైట్ జిగురు కాదు, మరల్లోకి దిగిన ఉక్కు పిన్ను. వేడికి ఎందుకు లొంగుతుంది? ఇంకా బలం పెడితే బ్యారెల్ మరలు పోతాయి. గన్‌స్మిత్ (తుపాకుల మెకానిక్) అయితే మిల్లింగ్ మెషీన్ మీద వెల్డ్ తీసేసి పిన్ను లాగుతాడు. ఫ్లాష్ హైడర్ మీద ఆశ వదులుకో, బ్యారెల్ దక్కితే చాలు.

జవాబు:
చట్టం సంగతీ చూసుకోండి. ఫ్లాష్ హైడర్ శాశ్వతంగా బిగిసి ఉన్నంతవరకే పొడవులో లెక్క. తీసేస్తే షార్ట్ బ్యారెల్ రైఫిల్ అవుతుంది. 1934 నాటి ఎన్‌ఎఫ్‌ఏ (అమెరికా జాతీయ ఆయుధాల చట్టం) ప్రకారం, ఆయుధాల వ్యవహారాలు చూసే ఏటీఎఫ్ సంస్థ అనుమతి ముందే ఉండాలి. ఇంట్లో గ్రైండర్ పట్టకండి. లైసెన్సున్న షాపులోనే తీయించి, కొత్తది అక్కడే వెల్డ్ చేయించుకోండి.

జవాబు:
అసలు తీయడం దేనికి? రెండు ముక్కలుగా విడిపోయే క్లాంప్ గ్యాస్ బ్లాకులు ఉన్నాయిగా. గ్యాస్ బ్లాక్ కూర్చునే చోట బ్యారెల్ వ్యాసం 0.750 అంగుళమో 0.625 అంగుళమో కొలిచాకే ఆర్డర్ పెట్టండి.