సెఫ్ క్లస్టర్‌కు రెండు నోడ్లు కలపాలి: డేటా కదలికను అదుపులో పెట్టేదెలా?

డిస్కుల_గది:
సెఫ్ (చాలా సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే స్టోరేజీగా నడిపే సాఫ్ట్‌వేర్) రీఫ్ వెర్షన్, ఆరు నోడ్లు (సర్వర్లు). నోడుకు 12 హార్డ్‌డిస్కులు, ఒక్కోటి 8 టీబీ. ప్రధాన పూల్ 4+2 ఇరేజర్ కోడింగ్ (డేటాకి నాలుగు ముక్కలు, అదనంగా రెండు పారిటీ ముక్కలు), ఫెయిల్యూర్ డొమైన్ హోస్ట్ (ఒక్కో ముక్క ఒక్కో నోడులో). వాడకం 68 శాతం. అచ్చం ఇలాంటివే ఇంకో రెండు నోడ్లు కలపాలి. టెస్ట్ క్లస్టర్‌లో ఒకేసారి కలిపితే పీజీలు (డేటాని విభజించి పెట్టే గుంపులు) చాలావరకు రీమ్యాప్డ్‌కి (వేరే డిస్కులకి కదలాల్సిన స్థితికి) వెళ్లి క్లయింట్ల లేటెన్సీ అమాంతం పెరిగింది. ఓఎస్‌డీ (డిస్కుకొకటి నడిచే సెఫ్ ప్రోగ్రామ్) మ్యాక్స్ బ్యాక్‌ఫిల్స్ విలువ (ఒకేసారి ఎన్ని పీజీల డేటా కదలాలో చెప్పేది) ఎంత మార్చినా తేడా లేదు. కొత్త డిస్కుల వెయిట్‌ని సున్నా నుంచి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడమేనా? మధ్యలో డిస్క్ పోతే?

క్రష్_మ్యాప్:
వెయిట్ మెట్లు ఎక్కించే పద్ధతి పాతదండీ. వెయిట్ మారిన ప్రతిసారీ క్రష్ (ఏ పీజీ ఏ డిస్కుల్లో ఉండాలో తేల్చే అల్గారిథమ్) పీజీల చోట్లు మళ్లీ లెక్క కడుతుంది. ఒక మెట్టులో చేరిన పీజీ తర్వాతి మెట్టులో ఇంకో డిస్కుకి పోవచ్చు. అదే డేటాకి రెండుసార్లు మోత.

ఇలా చేయండి. ముందు క్లయింట్లన్నీ సెఫ్ లూమినస్ వెర్షన్ లేదా ఆపై స్థాయివేనా చూడండి. కెర్నల్ క్లయింట్లయితే 4.13 కన్నా పాతవి ఉండకూడదు. బ్యాలెన్సర్ (పీజీల్ని డిస్కులకి సమంగా సర్దేది) ఆపండి, పీజీల సంఖ్య దానంతటదే మారకుండా నోఆటోస్కేల్ పెట్టండి (పీజీ స్ప్లిట్ కూడా ఇప్పుడే మొదలైతే రెండు గొడవలు కలిసిపోతాయి), సర్దుబాటు కోసం డేటా కదలకుండా నోరీబ్యాలెన్స్ ఫ్లాగ్ పెట్టండి. 24 ఓఎస్‌డీలూ పూర్తి వెయిట్‌తో ఒకేసారి కలిపేయండి. పీరింగ్ (ప్రతి పీజీ స్థితి మీద ఓఎస్‌డీలు ఒక మాటకి రావడం) అయ్యాక సెర్న్ (యూరప్ అణు పరిశోధన సంస్థ) వాళ్ల అప్‌మ్యాప్-రీమ్యాప్డ్ స్క్రిప్ట్ నడపండి. అది కమాండ్లను ముద్రిస్తుంది అంతే. ఓసారి చదివాకే షెల్‌కి పంపండి. ప్రతి పీజీనీ పాత చోటికే అతికించేస్తుంది కాబట్టి మిస్‌ప్లేస్డ్ (ఉండాల్సిన చోట లేని డేటా) శాతం దాదాపు సున్నాకి పడిపోతుంది. ఒక్కసారికి పూర్తిగా తగ్గకపోతే మళ్లీ నడపండి.

ఇప్పుడు ఫ్లాగ్ తీసి, బ్యాలెన్సర్‌ని అప్‌మ్యాప్ (ఒక్కో పీజీకి చోటు విడిగా రాసిపెట్టే) మోడ్‌లో ఆన్ చేస్తే అతుకుల్ని విడతలుగా విప్పుతుంది. టార్గెట్ మ్యాక్స్ మిస్‌ప్లేస్డ్ రేషియో డిఫాల్ట్ 0.05, అంటే 5 శాతం. మీకు 0.01తో మొదలుపెట్టడం మంచిది. ఎప్పుడైనా బ్యాలెన్సర్ ఆపేస్తే, అప్పటికి నడుస్తున్న విడత పూర్తయి అక్కడితో నిలిచిపోతుంది.

లెక్క: 576 టీబీలో 68 శాతం, సుమారు 392. అందులో పావు వంతు, 98 టీబీ, కదలాలి. కొత్త డిస్కుకి 4 టీబీ చొప్పున. సెకనుకి 40 ఎంబీ రాసినా 28 గంటలు. విడతల వల్ల ఇంకా ఎక్కువే పడుతుంది.

ఐఓపీఎస్_లెక్క:
బ్యాక్‌ఫిల్స్ విలువ పని చేయకపోవడానికి కారణం ఎంక్లాక్ షెడ్యూలర్ (క్లయింట్ల పనికీ రికవరీకీ డిస్క్ శక్తిని పంచేది). సెఫ్ క్విన్సీ వెర్షన్ నుంచి అదే డిఫాల్ట్. ఎంక్లాక్ ఓవర్‌రైడ్ రికవరీ సెట్టింగ్స్‌ని ట్రూ చేయనిదే మీ అంకెల్ని పట్టించుకోదు. దాని జోలికి పోకుండా ప్రొఫైల్ మార్చండి: పగలు హై క్లయింట్ ఆప్స్, రాత్రి బ్యాలెన్స్‌డ్.

ఇంకోటి, కాన్ఫిగ్ డంప్‌లో ప్రతి ఓఎస్‌డీకి నమోదైన మ్యాక్స్ కెపాసిటీ ఐఓపీఎస్ (సెకనుకి ఎన్ని రీడ్, రైట్ పనులు చేయగలదో) చూడండి. హార్డ్‌డిస్కుకి డిఫాల్ట్ 315. ఓఎస్‌డీ మొదలయ్యేటప్పుడు తనే కొలుచుకుంటుంది, ఆ సమయానికి డిస్క్ బిజీగా ఉంటే అంకె బాగా తక్కువ వస్తుంది. ఒకే మోడల్ డిస్కుల్లో ఒకటి 300, ఒకటి 40 చూపిస్తే ఆ ఎంట్రీ తీసేయండి. లేదంటే ఆ ఒక్క డిస్కే మొత్తాన్ని వెనక్కి లాగుతుంది.

పారిటీ_పక్షం:
డిస్క్ పోతే ఏమిటన్నది ఎవరూ ముట్టుకోలేదు, అసలు చిక్కు అక్కడే ఉంది. ఆరు హోస్టుల్లో 4+2 అంటే ప్రతి పీజీకి హోస్టుకో ముక్క. కాబట్టి పోయిన డిస్కులోని ముక్కలు వేరే హోస్టుకి వెళ్లలేవు, అదే నోడులోని మిగతా 11 డిస్కుల్లోనే సర్దుకోవాలి. 68 కాస్తా 74 శాతం అవుతుంది. అదే నోడులో రెండు పోతే 81.6, మూడు పోతే 90.7. బ్యాక్‌ఫిల్‌ఫుల్ గీత 90, అంటే రికవరీ ఆగిపోతుంది. నోడ్ మొత్తం పోతే, ఇంకో హోస్టు చేరి పనిచేసేవి మళ్లీ ఆరు అయ్యేదాకా తిరిగి కట్టడానికి చోటే లేదు. పైగా ఒక్క ముక్క కట్టాలంటే నాలుగు చదవాలి: 5.4 టీబీ రాయడానికి 21.8 టీబీ రీడ్.

మధ్యలో డిస్క్ పోయినా కంగారు పడక్కర్లేదు. డిగ్రేడెడ్ (ముక్కలు తగ్గిన) ఆబ్జెక్టులు ఉన్నంతసేపూ బ్యాలెన్సర్ కొత్త కదలికలు మొదలుపెట్టదు. నోరీబ్యాలెన్స్ కూడా డిగ్రేడెడ్ పీజీల బ్యాక్‌ఫిల్‌ని అడ్డుకోదు. నోబ్యాక్‌ఫిల్ అలా కాదు, ఆ మరమ్మతునీ ఆపేస్తుంది. దాన్ని పెట్టి మరిచిపోకండి.

డిస్కుల_గది:
థాంక్సండీ. పని అయ్యేదాకా నోఅవుట్ (డౌన్ అయిన డిస్కుని సెఫ్ పక్కన పెట్టకుండా ఆపే ఫ్లాగ్) పెట్టి ఉంచొచ్చా?

పారిటీ_పక్షం:
వద్దు. డౌన్ అయిన ఓఎస్‌డీ 600 సెకన్ల తర్వాత అవుట్ అయితేనే రికవరీ మొదలవుతుంది. నోఅవుట్ ఉంటే పోయిన డిస్క్ పోయినట్టే పడి ఉంటుంది. రీబూట్ చేసే నోడ్ ఒక్కదానికే సెట్-గ్రూప్‌తో పెట్టి, లేవగానే తీసేయండి. మిన్‌సైజ్ (ఐఓ నడవడానికి ఉండాల్సిన కనీస ముక్కల సంఖ్య) 5నీ కదపకండి. రెండు హోస్టులు పోయి ఐఓ ఆగినప్పుడు 4 చేస్తే ఐఓ నడుస్తుంది, కానీ ఆ తర్వాత రాసిన డేటాకి ఒక్క ముక్క కూడా అదనంగా ఉండదు.