దుమ్ములగొండిలో దుమ్ము ఏది?

"కాళ్లతో నేలను గీరి దుమ్ము రేపే జంతువు గనుక దుమ్ములగొండి" అని హైనా తెలుగు పేరుకు ఈ చర్చలో ఒక మిత్రుడు ఇచ్చిన వివరణను నేను అంగీకరించలేకపోతున్నాను. ఇక్కడి దుమ్ము ధూళి కాదు, ఎముక. మా కడపలో ఆదివారం పొద్దున మాంసం అంగడి ముందు నిలబడి "కండ ఎక్కువెయ్యి భాయ్, దుమ్ములు తగ్గించు" అని అడిగేవారికి ఈ సందేహమే రాదు; ఎముక అనే మాటను మాత్రమే బడిలో నేర్చుకొన్నవారికే వస్తుంది.

ఇక రెండో సగం. లంచం పుచ్చుకొనేవాడు లంచగొండి అయినట్లే దుమ్ములు పుచ్చుకొనేది దుమ్ములగొండి. రెండింటిలోనూ గొండిగా మారినది "కొను"కు సంబంధించిన కొండియే గాని తేలు కొండి కాదని నా అభిప్రాయం. (ఇద్దరిలో ఎవరి ఆకలి పెద్దదన్నది వేరే చర్చ.)

ఈ పేరు పెట్టినవారు దాని తిండిని దగ్గరగా చూసినవారే అయివుండాలి. మన దేశంలో ఉండే చారల దుమ్ములగొండి, చిరుతో తోడేలో తిని వదిలిన కళేబరాల దగ్గరికి, ఊరి బయట పారవేసిన పశువుల దగ్గరికి రాత్రిపూట వచ్చి, కండ ఏమీ మిగలకపోయినా గట్టి అగ్రచర్వణకాలతో (కోరపళ్ల వెనక ఉండే దవడ పళ్లతో) ఎముకను పగులగొట్టి మూలుగతో సహా మింగుతుంది. కడుపులోని ఆమ్లం ఆ ఎముకను కరిగించినా అందులోని సున్నం చాలావరకు బయటికే వస్తుంది గనుక, దాని పెంట ఎండితే సుద్దముక్కలా తెల్లబడుతుంది. పండ్లు, పురుగులు, చిన్న జంతువులు కూడా దానికి ఆహారమే.

అయితే ఈ పేరును హైనా కుటుంబంలోని నాలుగు జాతులకూ అంటించడంలో ఒక చిక్కు ఉంది. ఆఫ్రికాలోని చుక్కల హైనా ఇతరుల ఎంగిలి మీద బతుకుతుందని చాలాకాలం నమ్మారు గాని, అది చాలాచోట్ల తన తిండిలో ఎక్కువ భాగాన్ని స్వయంగా వేటాడుకొంటుందని 1960లలో టాంజానియాలోని సెరెంగెటి, గోరోంగోరోలలో జంతుశాస్త్రవేత్త హాన్స్ క్రూక్ చేసిన పరిశీలనలతో తేలింది. అయినా అదీ ఎముకలు నమిలేదే గనుక పేరుకు లోటు లేదు. అసలు పేచీ ఆ నాలుగింటిలో ఒకటైన ఆర్డ్‌వుల్ఫ్‌తోనే. ఆ ఆఫ్రికా జంతువు ప్రధానంగా చెదపురుగులనే, ఒక్క రాత్రిలో 2 లక్షలకు పైగా, జిగట నాలుకతో నాకి తింటుంది. దాని దవడ పళ్లు ఎముకను కొరకడానికి ఏ మాత్రమూ పనికిరాని చిన్న మొలకలు. దానిని దుమ్ములగొండి అని అనువదించడం కంటే "చెదలగొండి" అనడం వ్యాకరణానికీ, దాని కడుపుకూ సరిపోతుందని నా ప్రతిపాదన. అభ్యంతరాలుంటే తెలుపగలరు.