నడక నేర్చిన పాప, బస్సెక్కబోతున్న బాబు: ముందు ఏవి సరిచేయాలి?

ప్రశ్న

మా పాపకి 14 నెలలు, ఈమధ్యే నడుస్తోంది. బాబుకి 6 ఏళ్లు, వచ్చే నెల నుంచి స్కూల్ బస్సులో వెళ్తాడు. "ముట్టుకోవద్దు", "పరిగెత్తొద్దు" అని రోజంతా చెబుతూనే ఉన్నాం, ఫలితం మాత్రం కనిపించడం లేదు. ఇల్లంతా ఒకేసారి మార్చడం మావల్ల కాదు. ప్రాణం మీదికి తెచ్చేవి ఏవి? వాటిలో ఈ రెండు రోజుల్లోనే సరిచేయాల్సినవి ఏవి? బస్సు గురించి బాబుకి ఏం నేర్పాలి? తెలిసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి.

జవాబు 1

14 నెలల పిల్లకి "వద్దు" అనే మాట అర్థమవుతుంది, చెయ్యి మాత్రం ఆగదు. ఆపుకునే శక్తి ఆ వయసుకి రాదు. అందుకే చెప్పడం మీద పెట్టే శ్రమ సర్దడం మీద పెట్టండి. ఒక్కో గదిలో మోకాళ్ల మీద కూర్చుని చూడండి, నిలబడి చూస్తే కనిపించనివి బోలెడు బయటపడతాయి.

మొట్టమొదట నీళ్లు. బకెట్ అడుగున నాలుగైదు సెంటీమీటర్లున్నా ప్రమాదమే. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. అంచు పట్టుకుని తొంగిచూస్తే తలే లోపలికి లాగేస్తుంది, నీళ్ల బరువుకి బకెట్ ఒరగదు, పైకి లేచే బలం పాప చేతులకి ఉండదు. కేక కూడా వినపడదు. పక్క గదిలో ఉన్నవాళ్లకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. వాడగానే నీళ్లు ఒంపేసి బకెట్ బోర్లించండి. బాత్రూం తలుపుకి బయటివైపు, పాపకి అందని ఎత్తులో గొళ్లెం పెట్టించండి.

రెండోది బటన్ బ్యాటరీ, అంటే నాణెంలా గుండ్రంగా ఉండే చిన్న బిళ్ల బ్యాటరీ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది నాణెం మింగినంత తేలిగ్గా తీసుకుంటారు. రిమోట్, కారు తాళం, బరువు చూసే మిషన్, థర్మామీటర్, పాట పాడే గ్రీటింగ్ కార్డు, లైట్లు వెలిగే బొమ్మ: చాలావాటిలో ఇవే. అన్నింటికన్నా ప్రమాదం 20 మిల్లీమీటర్ల వెడల్పున్న లిథియం బిళ్ల, సీఆర్2032 లాంటిది. పిల్లల అన్నవాహికలో సరిగ్గా ఇరుక్కునే సైజు అది. లోపలి రసాయనం కారి కాలుస్తుందని అనుకుంటారు గానీ అసలు సంగతి వేరు. తడి కండ తగలగానే బిళ్ల రెండు ముఖాల మధ్యా కరెంటు పారుతుంది, మైనస్ వైపు ఘాటైన క్షారం పుడుతుంది, అది కండని తినేస్తుంది. 2 గంటల్లోనే లోతైన గాయం కావచ్చు. రిమోట్ పనిచేయడం లేదని తీసిపెట్టిన పాత బిళ్లలో కూడా ఆ పని చేసేంత వోల్టేజి మిగిలి ఉంటుంది.

మూతకి స్క్రూ లేని వస్తువులన్నీ ఏరండి. మూత మీదుగా గట్టి టేపు రెండు చుట్లు వేయండి, లేదా ఆ వస్తువే పై అరలోకి చేర్చండి. పాత బిళ్లని తీసిన క్షణంలోనే రెండు వైపులా టేపు అంటించి పారేయండి. బల్ల మీద పెట్టి కొత్తది వెతకడానికి వెళ్లే ఆ నిమిషంలోనే ప్రమాదం జరుగుతుంది.

మింగిందన్న అనుమానమొస్తే లక్షణాల కోసం ఆగొద్దు, వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. "బటన్ బ్యాటరీ కావచ్చు" అని గుమ్మంలోనే చెప్పండి. ఎక్స్‌రేలో నాణేనికి ఒకటే అంచు కనిపిస్తుంది, బ్యాటరీకి లోపల రెండో వలయం కూడా ఉంటుంది. వాంతి చేయించొద్దు. పిల్లకి ఏడాది దాటి, మింగి 12 గంటలు కాకుండా, గుటక వేయగలుగుతుంటే దారిలో 10 నిమిషాలకోసారి 10 మిల్లీలీటర్ల తేనె, అంటే రెండు చెంచాలు, 6 సార్ల వరకు ఇవ్వొచ్చు. అది గాయం జోరు తగ్గిస్తుందే తప్ప వైద్యం కాదు, తేనె కోసం ప్రయాణం ఆపొద్దు. ఏడాదిలోపు పిల్లలకి తేనె అస్సలు పెట్టకూడదు. మింగడం ఎవరూ చూడకపోయినా, ఉన్నట్టుండి చొల్లు కారడం, తిండి వద్దనడం, తగ్గని దగ్గు కనిపిస్తే దీన్ని గుర్తుచేసుకోండి.

జవాబు 2

పై జవాబుకి కొన్ని కలుపుతాను.

సొరుగుల అల్మరాలు, టీవీ స్టాండ్లు గోడకి బిగించండి. పాప కింది సొరుగులు లాగి మెట్లలా ఎక్కుతుంది. బరువంతా ముందుకొచ్చి అల్మరా మీద పడుతుంది. స్క్రూ గోడలో గట్టిగా దిగాలి, పైపూతలో దిగితే లాభం లేదు. కిటికీ 10 సెంటీమీటర్లకి మించి తెరుచుకోకుండా స్టాపర్ పెట్టండి, దాని పక్కన మంచం, కుర్చీ లేకుండా చూడండి.

వేడి నీళ్లు 60 డిగ్రీలుంటే కొన్ని సెకన్లలోనే చర్మం లోతుగా కాలుతుంది. కుళాయిలో 50 దాటకుండా చూసుకోండి, తొట్టిలో ముందు చన్నీళ్లు, ఆ తర్వాతే వేడివి. కాలితే 20 నిమిషాలు పారే చల్లని నీళ్ల కింద పెట్టాలి. ఐసు, టూత్‌పేస్టు, నూనె ఏవీ వద్దు. చాలామంది రెండు నిమిషాలకే ఆపేస్తారు, అక్కడే గాయం లోతవుతుంది.

టాయిలెట్ పేపరు చుట్టిన అట్టగొట్టంలోంచి జారిపోయే ప్రతి వస్తువూ పాప గొంతుకి అడ్డం పడగలదు. ద్రాక్షని నిలువునా నాలుగు ముక్కలు చేయండి, అడ్డంగా కోస్తే గుండ్రం అలాగే మిగులుతుంది. అడ్డం పడినా గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు, గొంతు పెగలకపోతే ముందుకి వంచి భుజాల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు, తర్వాత బొడ్డుకి పైన 5 సార్లు లోపలికీ పైకీ నొక్కడం, మళ్లీ మొదటి నుంచి. ఏడాదిలోపు పిల్లలకి పొట్ట బదులు ఒక అరచేతి మడమతో ఛాతీ మధ్యలో నొక్కాలి. కనిపించని దాని కోసం నోట్లో వేలు తిప్పితే ఇంకా లోపలికి పోతుంది.

జవాబు 3

బస్సు గురించి. బస్సులో కూర్చున్నంతసేపూ పెద్ద భయం లేదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, దాని చుట్టూ ఉన్న 3 మీటర్ల మేర అసలు ప్రమాదం. ఆగి ఉన్న బస్సులో డ్రైవర్ అనుమతితో బాబుని సీట్లో కూర్చోబెట్టి, వాడి స్కూలు బ్యాగు బంపరు ముందు నేల మీద పెట్టండి. బ్యాగు కనపడదు. "నువ్వు కూడా ఇలాగే కనపడవు" అనండి. వంద హెచ్చరికలకన్నా అది గట్టిగా పనిచేస్తుంది.

వాడికి నేర్పాల్సినవి మూడే. దిగగానే బస్సు నుంచి 5 పెద్ద అంగలు పక్కకి నడవాలి. చేతిలోంచి ఏది జారి బస్సు కిందికి పోయినా వంగకూడదు, డ్రైవర్‌తోనో అటెండర్‌తోనో చెప్పాలి. బస్సు వెనకనుంచి ఎప్పుడూ నడవకూడదు. వేలాడే పట్టీలు, తాళ్లు తలుపుకి చిక్కుకుంటాయి, వాటిని మీరే కత్తిరించండి.

మీరు చేయాల్సింది ఒకటుంది, ఇదే అందరూ పొరపాటు చేసేచోటు. బాబు దిగే వైపునే నిలబడండి. ఎదురువైపు నిలబడి చెయ్యూపితే వాడికి రోడ్డు కనపడదు, మీరే కనిపిస్తారు, పరిగెత్తుకొస్తాడు.

6 ఏళ్లవాడు వచ్చే బండిని చూడగలడు, దాని వేగాన్ని అంచనా వేయలేడు. 9, 10 ఏళ్లు వచ్చేదాకా చెయ్యి వదలొద్దు. కానీ దాటే ప్రతిసారీ "ఇప్పుడు వెళ్లొచ్చా?" అని వాడినే అడగండి. తప్పు చెబితే ఏ బండి వస్తోందో చూపించండి. ఆగి ఉన్న కార్ల మధ్యనుంచి దాటక తప్పకపోతే, కార్ల బయటి అంచు దాకా వచ్చి మళ్లీ ఆగి చూడాలి.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలండీ. బిళ్ల బ్యాటరీలు ఏరితే 7 వస్తువులు తేలాయి, 3 వాటికి స్క్రూ లేదు. ఇంకొక్కటి: దగ్గరి దూరాలకి కారులో పాపని ఒళ్లో పెట్టుకుంటే సరిపోతుందా?

జవాబు 4

సరిపోదండీ. 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు గుద్దుకుని సెకనులో పదో వంతులో ఆగిపోతే, 10 కిలోల పాప సుమారు 140 కిలోల బలంతో ముందుకి దూసుకెళ్తుంది. ఏ చేతులూ ఆపలేవు. పాపకి వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటు. దాని మీద రాసిన బరువు, ఎత్తు హద్దు దాకా అలాగే ఉంచండి. పనిచేసే ఎయిర్‌బ్యాగు ముందు ఆ సీటు ఎప్పుడూ పెట్టకూడదు. బిగించాక సీటుని పట్టీ పోయేచోట ఊపితే 2.5 సెంటీమీటర్లకి మించి కదలకూడదు. పాప భుజం దగ్గర పట్టీని వేళ్లతో గిచ్చి చూడండి, మడత చేతికొస్తే వదులుగా ఉన్నట్టే. మందపాటి స్వెటరు తీసి పట్టీ వేసి, పైన కప్పండి.

బాబుకి బూస్టర్ సీటు, అంటే బెల్టు సరిగ్గా పడేలా కూర్చునే ఎత్తు పెంచేది, సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా. కింది బెల్టు తొడల మొదట్లో ఎముక మీద ఉండాలి, పొట్ట మీద కాదు.

దిగేటప్పుడు పాపని కారులో ఒక్క నిమిషం కూడా వదలొద్దు, నీడలో ఆపినా సరే. నిద్రపోయే పిల్ల ఉన్న రోజు మీ ఫోనో, ఎడమ చెప్పో వెనక సీట్లో పెట్టుకోండి. దాని కోసమైనా వెనక తలుపు తీస్తారు.