మెడలో గడ్డ, చేప మొప్పలు: మనం నిజంగా సముద్రం నుంచే వచ్చామా?

నీలికెరటం
పోయిన నెల నాకు దవడ కింద, మెడ పక్కనున్న గడ్డ తీశారు. చిన్నప్పటి నుంచి ఉన్నదే, జలుబు చేసినప్పుడల్లా ఉబ్బేది. బయాప్సీ రిపోర్టులో 'బ్రాంకియల్ క్లెఫ్ట్ సిస్ట్' అని రాశారు. అంటే ఏమిటని సర్జన్‌ని అడిగితే, "బ్రాంకియా అంటే మొప్ప. చేపల్లో మొప్పల దగ్గర ఉండే చీలికల్లాంటివే పిండదశలో మనకీ వస్తాయి. అవి పూర్తిగా పూడకపోతే ఇలా సంచిలా మిగిలిపోతాయి" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళూ నా మెడలో మోసింది ఇదా అనిపించింది.

ఇంట్లో చెబితే మా బావ ఒప్పుకోలేదు. "జీవం సముద్రంలో పుట్టడం ఎవరు చూశారు? మొదటి కణం ఎలా వచ్చిందో చెప్పలేనివాళ్ళు, మనిషి మూలం చేపలో ఉందని ఎలా చెప్తారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

బడిపంతులు
ఇరవై రెండేళ్ళుగా జువాలజీ చెబుతున్నానండి. మీ బావగారి ప్రశ్న ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. జీవం ఎక్కడ, ఎలా మొదలైంది అనేది ఒకటి. మొదలయ్యాక ఎలా మారుతూ వచ్చింది అనేది ఇంకొకటి. మొదటిదానికి ఖాయమైన జవాబు ఇంకా లేదు. రెండోదానికి ఉంది. మనుషులు మొట్టమొదట ఎప్పుడు మాట్లాడారో తెలియకపోయినా, తెలుగూ కన్నడమూ ఒకే మూలభాష నుంచి వచ్చాయని మాటలు పోల్చి చెప్పగలుగుతున్నాం కదా!

సర్జన్ గారి మాటకి ఒక్క సవరణ. మన పిండంలో కనిపించేవి మొప్పలు కావు, ఏ దశలోనూ వాటితో ఊపిరి తీసుకోం. మెడ దగ్గర వరుసగా వంపులు ఏర్పడతాయి. చేపలో అవి మొప్పలకు ఆధారమవుతాయి. మనలో దవడగా, చెవిలోని బుల్లి ఎముకలుగా, గొంతులోని మృదులాస్థిగా మారతాయి. 19వ శతాబ్దంలో హెకెల్ అనే జర్మన్ జీవశాస్త్రవేత్త గీసిన పిండాల బొమ్మల్లో పోలికలు ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించాడు. పిండం తన పూర్వీకుల దశలన్నీ మళ్ళీ దాటుతుందన్న అతని సిద్ధాంతమూ నిలబడలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఆ బొమ్మలే బోర్డు మీద గీసి చెప్పాను. ఆ పిల్లలందరికీ మళ్ళీ చెప్పే అవకాశం లేదని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

చెవిపోగు
నాకు పుట్టుకతోనే చెవి ముందు సూది మొనంత రంధ్రం ఉంది. అది కూడా మొప్పల గుర్తేనని ఫార్వర్డులు వస్తుంటాయి. నిజమేనా?

గొంతు వైద్యం
కాదండి. బయటి చెవి ఆరు చిన్న బుడిపెలు కలిసి తయారవుతుంది. అవి సరిగ్గా అతుక్కోకపోతే ఆ రంధ్రం మిగులుతుంది. ఆ బుడిపెలు మొదటి రెండు వంపుల మీదే వస్తాయి కాబట్టి దూరపు చుట్టరికం ఉంది, అంతే. చీము పడితే తప్ప దాన్ని కదపక్కర్లేదు.

నన్ను పరిణామం గురించి నిజంగా ఆలోచింపజేసింది ఇంకొకటి. థైరాయిడ్ ఆపరేషన్‌లో మేం అన్నిటికంటే భయపడేది స్వరపేటికకు వెళ్ళే ఒక సన్నని నరం గురించి. అది తెగితే గొంతు పోతుంది. మెదడు నుంచి స్వరపేటికకు జానెడు దూరం కూడా ఉండదు. కానీ ఎడమవైపు నరం ఛాతీలోకి దిగి, గుండె దగ్గర బృహద్ధమని కింద నుంచి తిరిగి, మళ్ళీ పైకి వస్తుంది. జిరాఫీలోనూ ఇదే దారి, కొన్ని మీటర్ల పొడవున! చేపలో ఇదే నరం కొమ్మలు మొప్పల రక్తనాళాల వెనక నుంచి తిన్నగా పోతాయి. మెడ సాగి గుండె కిందికి దిగినప్పుడు, ఆ నాళానికి తగులుకున్న నరమూ కిందికి లాగబడింది.

నా చేతుల్లో ఒకే ఒక్క కేసులో కుడివైపు నరం ఎంత వెతికినా ఉండాల్సిన చోట దొరకలేదు. చివరికి పక్కనుంచి నేరుగా స్వరపేటికలోకి వస్తూ కనిపించింది. స్కాన్ చేయిస్తే ఆ మనిషికి కుడిచేతి ధమని మామూలు చోటు నుంచి కాకుండా ఇంకో చోటు నుంచి బయల్దేరింది. పిండంలో ఆ వైపు నాలుగో వంపు నాళం కరిగిపోయింది. కిందికి లాగే నాళం లేదు కాబట్టి నరం తిన్నగా వచ్చేసింది. అంతకుముందు పుస్తకంలో చదివి పాసయ్యాను. ఆ రోజు కళ్ళారా చూశాను.

ప్రశ్న
పోలికలు సరే. ఒకే పద్ధతిలో చేసిన సృష్టి అయినా పోలికలు ఉంటాయి కదా? మధ్యలో ఉండాల్సిన జీవి ఏది? వాదన కోసం కాదు, నిజంగా అడుగుతున్నాను.

రాళ్ళబాట
మంచి ప్రశ్న అండి. నేను జియాలజీ మనిషిని. చూడాల్సింది, అలాంటి జీవి ఏ వయసు రాళ్ళలో దొరకాలో ముందే చెప్పి తవ్వగలమా అని. సుమారు 38.5 కోట్ల ఏళ్ళ నాటి పొరల్లో చేపల ఎముకలున్నాయి. 36.5 కోట్ల ఏళ్ళ దగ్గరికొస్తే కాళ్ళున్న జంతువులున్నాయి. శిలాజాల శాస్త్రవేత్త నీల్ షుబిన్ బృందం ఆ మధ్య వయసున్న, పాతకాలపు నదుల ఒండ్రుతో ఏర్పడిన రాళ్ళ కోసం మ్యాపులు వెతికి, కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవికి వెళ్ళింది. కొన్నేళ్ళు ఖాళీ చేతులతో తిరిగొచ్చి, 2004లో టిక్టాలిక్‌ని కనుక్కుంది. వయసు 37.5 కోట్ల ఏళ్ళు. పొలుసులు, రెక్కలు చేపవి. తల విడిగా తిప్పగల మెడ ఉంది. రెక్క లోపల భుజం, మోచేయి, మణికట్టు లాంటి ఎముకలున్నాయి.

ఒక మాట దాచకూడదు. పోలండ్‌లో అంతకంటే పాత, 39 కోట్ల ఏళ్ళ నాటి అడుగుజాడలు దొరికాయని 2010లో ప్రకటించారు. అవి నిజంగా నాలుగు కాళ్ళ జంతువువే అయితే టిక్టాలిక్ మనకు నేరుగా తాత కాదు, ఆ తాతకు దగ్గరి బంధువు. మధ్యదశ ఎలా ఉండేదో చూపించడానికి బంధువైనా చాలు.

బడిపంతులు
కోతులింకా ఉన్నాయి కదా, మరి మనిషి వాటి నుంచి ఎలా వచ్చాడు అని కూడా ఎవరో అడుగుతారు, ముందే చెప్పేస్తాను. ఇప్పటి చింపాంజీ మనకు తాత కాదు, దాయాది. 60 నుంచి 70 లక్షల ఏళ్ళ కిందట రెండు దారులు విడిపోయాయి. చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకు 23. మన రెండో క్రోమోజోము నడుమ, మామూలుగా చివర్లలో ఉండాల్సిన డీఎన్ఏ వరుసలు కనిపిస్తాయి. రెండు క్రోమోజోములు కొసా కొసా అతుక్కున్న చోటు అది.

నీలికెరటం
ఇంత ఓపికగా రాస్తున్నందుకు అందరికీ దండాలు. మరి మొదటి ప్రశ్న? సముద్రం సంగతి? మన రక్తం ఉప్పగా ఉండటం సముద్రం గుర్తే అంటారు కదా?

కణం
రక్తంలో ఉప్పు సుమారు 0.9 శాతం, సముద్రంలో 3.5 శాతం. ఆ ఒక్క పోలికతో ఏమీ తేల్చలేం. నేను బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తాను, నా మొగ్గు మాత్రం సముద్రం వైపే. 1953లో మిల్లర్ అనే శాస్త్రవేత్త మీథేన్, అమ్మోనియా, హైడ్రోజన్, నీటి ఆవిరి కలిపి విద్యుత్తు మెరుపులు పెడితే ప్రోటీన్లకు ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలు వచ్చాయి. కానీ ఇటుకలు పోగైతే ఇల్లయిపోదు. కట్టడానికి ఆగకుండా శక్తి అందాలి. 2000లో అట్లాంటిక్ అడుగున 'లాస్ట్ సిటీ' అనే వేడినీటి బిలాలు కనిపించాయి. అక్కడ రాయీ నీరూ కలిసి హైడ్రోజన్ పుడుతుంది, బయటికొచ్చే నీరు క్షారం. తొలి సముద్రపు నీరేమో కొంచెం ఆమ్లం. సన్నని రాతి గోడకి అటూ ఇటూ ప్రోటాన్ల (ధనావేశం ఉన్న హైడ్రోజన్ కణాల) తేడా. ఈ రోజుకీ మన దాదాపు ప్రతి కణమూ బతికేది పొరకి అటూ ఇటూ ఉండే ఆ తేడాతోనే. దీన్ని కాకతాళీయం అనుకోవడం నావల్ల కాదు.

రాళ్ళబాట
ఇక్కడ మీతో విభేదిస్తాను. చిన్న అణువులు ప్రోటీన్ లాంటి గొలుసుగా చేరాలంటే ప్రతి అతుకు దగ్గరా ఒక నీటి అణువు బయటికి పోవాలి. సముద్రం అడుగున ఆ నీరు ఎక్కడికి పోతుంది? తడిసి ఆరుతూ ఉండే నేల మీది వేడి ఊటల్లో అయితే గొలుసులు పెరుగుతాయి. ఇంకోటి, సముద్రంలో పొటాషియం కంటే సోడియం 40 రెట్లకు పైగా ఎక్కువ. కణం లోపల తలకిందులు, పొటాషియమే ఎక్కువ. సముద్రంలోనే పుట్టి ఉంటే ఇలా ఎందుకుంటుంది? ఆస్ట్రేలియాలోని పిల్బరాలో 348 కోట్ల ఏళ్ళ నాటి సూక్ష్మజీవుల చారల రాయిని నేను చేత్తో తాకాను. అక్కడి పొరల్లోనే నేల మీది వేడి ఊటల దగ్గర ఏర్పడే గేసరైట్ అనే రాయి ఉందని 2017లో తేలింది.

కణం
ఆ రాళ్ళు జీవం ఎక్కడ బతికిందో చెబుతాయి, ఎక్కడ పుట్టిందో కాదు. అప్పటికే జీవానికి కోట్ల ఏళ్ళ వయసుంది. కానీ గొలుసుల విషయంలో మీరన్నది మా పక్షానికి గట్టి చిక్కే, ఒప్పుకుంటాను. ఉప్పు సంగతి నా చేతులతోనే చూశాను. తొలి కణాల పొరకు నమూనాగా ఫ్యాటీ ఆమ్లాలతో (కొవ్వు ఆమ్లాలతో) చేసిన బుడగల్లో, సముద్రపు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం కలిపితే అన్నీ తెల్లగా గడ్డకట్టి అడుగుకు చేరాయి. ఆ వారమంతా మనసు బాగాలేదు. తర్వాత 2019లో ఒక పరిశోధనలో పొడవు, పొట్టి కొవ్వు అణువులు చాలా రకాలు కలిపితే, క్షారపు ఉప్పునీటిలోనూ బుడగలు నిలిచాయి.

ప్రశ్న
మీలో మీరే ఇలా తేల్చుకోలేకపోతుంటే నాకు నమ్మకం పోవాలి, కానీ పెరుగుతోంది. ఎక్కడ తెలియదో అక్కడ తెలియదనే అంటున్నారు.

నీలికెరటం
అంతా మా బావకి చదివి వినిపించాను. మొదటి కణం దగ్గర "చూశావా" అన్నాడు. నరం దగ్గర మెడ తడుముకున్నాడు. టిక్టాలిక్ దగ్గర ఆపి, "ఆ రాళ్ళ వయసు తవ్వకముందే ఎలా తెలిసింది?" అన్నాడు. ఇది చెప్పండి.

రాళ్ళబాట
ఆ పొరల్లోని మొక్కల సిద్ధబీజాలను (స్పోర్లను) బట్టి. ఏ రకం ఏ కాలంలో ఉండేదో ప్రపంచమంతటా పోల్చి చూశారు. ఆ కాలాలకు ఏళ్ళ లెక్క అగ్నిపర్వత బూడిదలోని జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాలు ఇస్తాయి. జిర్కాన్ ఏర్పడేటప్పుడు యురేనియంని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. కాబట్టి లోపలున్న సీసం యురేనియం మారగా వచ్చిందే. యురేనియం-238లో సగం అలా మారడానికి 447 కోట్ల ఏళ్ళు పడుతుంది. మిగిలిన లెక్క కాగితం మీద వేసి చూపించాల్సిందే. మీ బావగారినే ఇక్కడికి రమ్మనండి, ఆయనతో కూర్చుని వేస్తాను.