ఏడీహెచ్‌డీ ఉన్నవారు సహాయకులకు పని అప్పగించడం ఎలా?

ప్రశ్న: పర్లాకిమిడి వ్యాపారి

నమస్కారం. పర్లాకిమిడిలో మాకు కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉంది. మా సరుకు ఇటు కాశీనగరం, గుణుపురం వైపు, అటు సరిహద్దు దాటి పాతపట్నం, టెక్కలి వైపు వెళ్తుంది. నిరుడు, నా 43వ ఏట, విశాఖపట్నంలో మనోవైద్యులు నాకు ఏడీహెచ్‌డీ (చిన్నప్పటి నుంచీ ధ్యాస నిలవకపోవడం, పనులను క్రమంలో పెట్టుకోలేకపోవడం వంటి లక్షణాలుండే సమస్య) ఉందని నిర్ధారించారు. 12 ఏళ్ల లోపే ఈ లక్షణాలు ఉండేవా అని మా అమ్మను కూడా అడిగి తెలుసుకున్నారు. మందులతో కొంత మేలుగా ఉంది. ఆరు నెలల క్రితం బిల్లులు, వసూళ్లు చూడడానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నాను. బీకాం చదివింది, తెలుగూ ఒడియా రెండూ చక్కగా రాస్తుంది.

లారీ దించుతుండగా ఆమెకు ఒక పని చెబుతాను, ఫోనులో మాట్లాడుతూ మరొకటి చెబుతాను, సాయంత్రానికి ఏది చెప్పానో నాకే గుర్తుండదు. ఒక పనిని వివరించాలంటే ముందు దాన్ని మనసులో దశలుగా విడదీసుకోవాలి, నాకు కష్టమయ్యేది సరిగ్గా అదే. అందువల్ల నేనే చేసేస్తానని వెనక్కి తీసుకుంటాను, అది నా బల్ల మీదే ఆగిపోతుంది. పోయిన నెల జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీ రిటర్ను) గడువు 11వ తేదీ దాటిపోయింది. బిల్లులన్నీ ఆమె సిద్ధం చేసింది, నేను చూసి సరే అనడం ఒక్కటే మిగిలింది. బంధువుల అమ్మాయి, నన్ను బాబాయి అని పిలుస్తుంది, అందుకే రెండోసారి అడగడానికి వెనకాడింది. అనుభవం ఉన్నవారు దారి చెప్పగలరు.

జవాబు: బరంపురం పట్టుచీరలు

నాకూ ఏడీహెచ్‌డీ ఉంది. విన్నదాన్ని, అనుకున్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకుని దానితో పనిచేసే శక్తి మనకు తక్కువ కాబట్టి, సూచనలు రాసిపెట్టే బాధ్యతను కూడా మన మీద వేసుకుంటే అది సాగదు. నేను తోచినది తోచినట్టు వాట్సాప్‌లో మాటగా పంపుతాను. మా దగ్గర పనిచేసే ఆమె అది విని, ఏమి చేయాలి, ఎప్పటికి చేయాలి, ఎక్కడ ఆగి నన్ను అడగాలి అన్నవి పుస్తకంలో రాసి, నాకు తిరిగి చదివి వినిపిస్తుంది. చెప్పాననుకున్నవాటిలో ఎన్ని చెప్పనేలేదో అప్పుడే తెలుస్తుంది.

తరచూ వచ్చే పనులైతే వివరించనే వద్దు. మీరు చేస్తుంటే ఆమెను పక్కన కూర్చుని రాసుకోమనండి. పార్టీ జీఎస్టీ నంబరు 21తో మొదలైతే ఒడిశా కనుక సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం వాటా, రాష్ట్రం వాటా) వేయాలని, 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్ కనుక ఐజీఎస్టీ (వేరే రాష్ట్రానికి అమ్మితే వేసే పన్ను) వేయాలని, సరిహద్దు దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలని మీ చేతికి అలవాటై ఉంటుంది. అవి ఒకసారి పుస్తకంలోకి ఎక్కితే మీరు గుర్తుపెట్టుకుని చెప్పవలసిన అవసరం ఉండదు.

జవాబు: గుణుపురం, రైసు మిల్లు ఆఫీసు

నేను ఆ అమ్మాయి స్థానంలో ఉన్నదాన్ని, మా యజమానికి కూడా ఇదే ఇబ్బంది ఉంది. మన ఇళ్లలో పెద్దవారిని మీరు మరిచిపోయారని అనడం ఎదురు చెప్పడంతో సమానం. ఒకసారి అడిగి ఊరుకుంటాం, తర్వాత ఊరుకోవడమే అలవాటవుతుంది. మా యజమాని మొదటి నెలలోనే తనకున్న ఇబ్బందిని వివరంగా చెప్పి, గుర్తు చేయడం నా ఉద్యోగంలో భాగమేనని అన్నారు. ఆ మాట ఎంతో ధైర్యాన్నిచ్చింది, అయితే అంతకన్నా మేలు చేసింది వేళ నిర్ణయించుకోవడం. రోజూ పది గంటలకు పది నిమిషాలు నావి. అవుననో కాదనో చెప్పగలిగే మూడు ప్రశ్నలు తీసుకెళ్తాను. ఆ వేళకు అడిగితే అది చనువు తీసుకోవడం అనిపించదు. 2,000 రూపాయల లోపు ఖర్చులు నేనే నిర్ణయిస్తాను. 8వ తేదీ సాయంత్రానికి ఆయన ఏమీ చెప్పకపోతే సరేనన్నట్టే భావించి, లెక్కలు అకౌంటెంటుకు పంపేస్తాను.

ఆయనకు కొత్తగా తోచిన ప్రతి పనీ అన్నిటికన్నా అత్యవసరంగా కనిపిస్తుంది. అలాంటప్పుడు పుస్తకం తెరిచి, ఇందులో ఏది ఆపమంటారని అడుగుతాను. మీకు ప్రత్యేకంగా ఒక మనవి: ఇచ్చిన పనిని చెప్పకుండా వెనక్కి తీసుకోకండి. నా పని బాగాలేదని చాలా నెలలు లోలోపల కుమిలిపోయాను.

జవాబు: రాయగడ, పన్నుల పని

పై సలహాలో ఒకచోట జాగ్రత్త అవసరం. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవడం లెక్కలు అకౌంటెంటుకు పంపేవరకే పనికొస్తుంది. రిటర్ను దాఖలుకు ఓటీపీ మీ ఫోనుకే వస్తుంది, తప్పు జరిగితే బాధ్యతా మీదే. కాబట్టి 9వ తేదీన ఒకసారి, 3బీ (నెల పన్ను లెక్క చూపి చెల్లించే రిటర్ను) గడువు 20 కనుక 18వ తేదీన ఒకసారి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, అది పూర్తయ్యేవరకు లేవకండి.

పర్లాకిమిడి వ్యాపారి

అందరికీ కృతజ్ఞతలు. నిన్న దుకాణం కట్టేశాక ఆమెను కూర్చోబెట్టి నా ఇబ్బంది ఏమిటో చెప్పాను, ఇకపై గుర్తు చేయడం నీ పనేనని కూడా అన్నాను. ఆమె వెంటనే పుస్తకం తీసి రెండు విషయాలు అడిగింది: పాతపట్నం పార్టీ బాకీకి గడువు ఇవ్వాలా, తడిసిన పంచదార బస్తాలు కంపెనీకి తిప్పి పంపాలా. ఆ రెండూ మూడు వారాలుగా ఆమె దగ్గర రాసిపెట్టి ఉన్నాయట.