రోజూ ఒక పెగ్గు గుండెకు మంచిదేనా? తెలిసినవాళ్లు చెప్పండి

మా నాన్నగారు బీపీ మాత్రలు వాడుతున్నారు. అయినా రాత్రి భోజనానికి ముందు ఒక పెగ్గు పడాల్సిందే. "గుండెకు మంచిదిరా, రక్తం పల్చబడుతుంది" అంటారు. మందు తాగితే హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) కాస్త పెరుగుతుందన్నది నిజమే. కానీ దానివల్ల గుండెపోటు ముప్పు తగ్గుతుందా? కొద్దిగా తాగేవాళ్లే ఆరోగ్యంగా ఉన్నారన్న పాత అధ్యయనాలు చాలావాటిలో, జబ్బు చేసి మానేసినవాళ్లనూ తాగనివాళ్ల లెక్కలోనే కలిపేశారు. ఆ పోలికే తప్పు కదా! పైగా ఎంత తక్కువైనా సురక్షితం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. ఇవన్నీ చెబితే "డాక్టర్లే తాగుతారు" అని కొట్టిపారేస్తారు.

బీపీ ఉన్నవాళ్లకు ఆ ఒక్క పెగ్గుతో నిజంగా ఏమైనా లాభం ఉందా? ఇంట్లో పెద్దవాళ్లకు ఇలా నచ్చజెప్పి మాన్పించినవాళ్లు ఉంటే, ఆయన వినేలా ఎలా చెప్పాలో దయచేసి రాయండి.