మాల్టా 1565 మీద తెలుగులో నవల రాస్తున్నాను, మధ్యధరా యుద్ధ నవలలు చదివినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

గోదారిగట్టు
అందరికీ నమస్కారం. ఇంటర్‌లో ఉండగా మా ఊరి లైబ్రరీలో అట్ట ఊడిపోయిన సముద్రపు దొంగల నవల ఒకటి దొరికింది. అప్పట్నుంచి నైట్లు, ఒట్టోమన్లు, అల్జీర్స్ ఓడలు, కోట ముట్టడులు, ఏది కనిపించినా వదల్లేదు. ఇప్పుడు 1565 మాల్టా ముట్టడి మీద తెలుగులో రాస్తున్నాను, అంటే నైట్లనే క్రైస్తవ యోధుల చేతిలో ఉన్న ఆ దీవి మీదికి ఒట్టోమన్లు వచ్చిన కథ. తొమ్మిది అధ్యాయాలయ్యాయి, సెయింట్ ఎల్మో కోట దగ్గర ఆగిపోయాను. నా హీరో సిసిలీ జాలరి కుర్రాడు. మొదటి అధ్యాయంలోనే పట్టుబడి, తెడ్లతో నడిచే ఒట్టోమన్ గ్యాలీలో గొలుసులతో, నగారా దెబ్బకి తెడ్డు వేస్తుంటాడు. ఇలాంటి నవలల్లో మిమ్మల్ని ఏది పట్టేసింది, ఎక్కడ విసుగొచ్చింది? గ్యాలీకి తెలుగులో ఏ మాట వాడాలి? రక్తపాతం ఎంతవరకు చూపించాలి? మా అమ్మాయికి 14 ఏళ్లు, తను కూడా చదవాలని నా కోరిక.

లంగరు
మర్చంట్ నేవీలో 17 ఏళ్లు చేశాను, సిసిలీకీ మాల్టాకీ మధ్య ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు, కాబట్టి ఈ విషయంలో నా మాట వినండి. ముందు ఆ నగారా తీసేయండి, అది సినిమాల్లోది. గ్యాలీలో తెడ్లవాళ్లని నడిపించేది ఈల. వాళ్ల మీద పెద్ద సరంగుని కొమితో అంటారు, అతని మెడలో ఈల ఉంటుంది, ఎత్తమన్నా ఆపమన్నా దాంతోనే.

ఇంకోటి. డిసెంబర్‌లో నడిసముద్రంలో గ్యాలీల యుద్ధం పెట్టిన నవల ఒకటి మూడో అధ్యాయంలోనే పక్కన పడేశాను. ఆ ఓడ సన్నగా, పొడుగ్గా, నీళ్లకి ఆనుకుని ఉంటుంది. పెద్ద అల వస్తే బల్లల మీదకే నీళ్లు. చలికాలమంతా రేవులో కట్టేసేవాళ్లు. ఎండాకాలంలో కూడా నూట యాభై మంది తెడ్లవాళ్లు, పైన సైనికులు, అంతమందికి సరిపడా మంచినీళ్ల పీపాలు పెట్టడానికి చోటేది? అందుకే తీరం వదిలి ఎక్కువ రోజులు పోలేవు. మీ కథకి గాలి చాలా ముఖ్యం. ఈశాన్యం నుంచి కొట్టే గ్రెగాల్ గాలి తగలని రేవు తన ఓడలకి కావాలని ఒట్టోమన్ నౌకాధిపతి పియాలే పాషా పట్టుబట్టాడు, అందుకే అందరూ ముందు ఆ రేవు మొగలో ఉన్న సెయింట్ ఎల్మో మీద పడ్డారు. ఆ చిన్న కోట దగ్గర నెలరోజులు పోయాయి, వేల ప్రాణాలు పోయాయి. గాలి తెలియనివాళ్లు ఈ కథ రాయలేరు.

కొండారెడ్డి బురుజు
ఓడల సంగతి తర్వాత చూద్దాం అన్నా. డిగ్రీ రోజుల నుంచి నేనూ ఈ నవలలు చదువుతున్నాను, ప్రతిదాంట్లోనూ నాలా ముస్లిం పేరున్నవాడు ఒకటే పని చేస్తాడు, కొరడా పట్టుకుంటాడు. గోదారిగట్టు గారూ, మీ కుర్రాడు కూడా ఒట్టోమన్ ఓడలోనే ఎందుకున్నాడు? మాల్టా నైట్ల గ్యాలీల్లో తెడ్లు వేసినవాళ్లలో ముస్లిం బానిసలు ఎంతమంది ఉండేవాళ్లో మీకు తెలియదా? ఇటలీలోని లివోర్నో రేవులో గొలుసులతో కూర్చున్న నలుగురి కంచు విగ్రహాలు ఈరోజుకీ ఉన్నాయి, డ్యూక్ విగ్రహం కాళ్ల దగ్గర.

సెయింట్ ఎల్మో పడిపోయాక నైట్ల శవాలని శిలువల మీద కట్టి రేవులో వదిలారని ప్రతి నవలా రెండు పేజీలు రాస్తుంది. దానికి బదులుగా నైట్ల అధిపతి, గ్రాండ్ మాస్టర్ లా వాలెట్ ఖైదీల తలలు నరికించి ఫిరంగుల్లో పెట్టి పేల్పించాడు. అది మాత్రం ఒక్క వాక్యంలో అయిపోతుంది, అదీ వీరత్వంగా. మీ అమ్మాయి చదవాలంటున్నారు కదా. మా అమ్మాయికీ 13 ఏళ్లు.

పాతపుస్తకం
వచ్చేశారు. కథ అన్నాక విలన్ ఉండకూడదా? 1571లో సైప్రస్‌లోని ఫమగుస్తాలో ఒట్టోమన్లు ఏం చేశారు? లొంగిపోతే వదిలేస్తామని మాటిచ్చి, వెనిస్ సేనాని బ్రగదీన్ చర్మం బతికుండగానే ఒలిచారు. అది కూడా రాయొద్దంటారా? ప్రతి పేజీకీ త్రాసు పట్టుకుని కూర్చుంటే నవల రాదు, పాఠ్యపుస్తకం వస్తుంది.

కొండారెడ్డి బురుజు
రాయొద్దని నేనెక్కడన్నాను? ఆ ముక్క చూపించండి. రెండూ రాయమన్నాను. మీరు త్రాసు అంటున్నారు, నేను అడిగేది కళ్లు తెరిచి చూడమని. 1543లో ఫ్రాన్స్ రాజు ఒట్టోమన్ నౌకాధిపతి బార్బరోసాని పిలిపించుకున్నాడు, ఇద్దరి సైన్యాలూ కలిసి నీస్ పట్టణాన్ని ముట్టడించాయి. ఆ చలికాలం బార్బరోసా నౌకాదళం ఫ్రాన్స్‌లోని తూలాన్ రేవులోనే గడిపింది, ఊళ్లో చాలామందిని రాజే ఖాళీ చేయించాడు. క్రైస్తవ రాజు, ముస్లిం అడ్మిరల్, ఎదురుగా ఉన్నది కూడా క్రైస్తవులే. ఇంత గొప్ప కథ ఉంటే దాని మీద నవల చేతికి దొరకదేం?

స్పానిష్ రచయిత సెర్వాంటెస్‌ని చూడండి. 1571లో ఒట్టోమన్లతో జరిగిన లెపాంటో సముద్రయుద్ధంలో గాయపడి ఎడమ చెయ్యి పనికిరాకుండా పోయింది, 1575లో పట్టుబడి అల్జీర్స్‌లో ఐదేళ్లు బందీగా ఉన్నాడు, నాలుగుసార్లు పారిపోబోయాడు. ద్వేషించడానికి ఆయనకున్నంత కారణం మనలో ఎవరికుంది? అయినా డాన్ కిహోతేలో ఆయన రాసిన బందీ కథలో, ఆ బందీని తప్పించేది ఒక మూరిష్ అమ్మాయి, మతం మారిన ఒక ఓడవాడు. ఐదేళ్లు అక్కడ బతికినవాడు మనుషుల్ని చూశాడు.

మిరపతోట
లంగరు గారి పోస్టు దగ్గరికి వస్తాను. తెడ్లవాళ్లంటే అందరూ గొలుసుల్లో బానిసలే అన్నట్టు మాట్లాడుకుంటున్నారు. వెనిస్ గ్యాలీల్లో చాలాకాలం జీతం తీసుకునే స్వేచ్ఛా మనుషులే తెడ్లు వేశారు, యుద్ధం ముదిరితే తెడ్డు వదిలి కత్తి పట్టేవాళ్లు. ఒట్టోమన్లు కూడా అనటోలియా ఊళ్ల నుంచి ఇన్ని ఇళ్లకి ఒకరు అని లెక్కగట్టి రైతుల్ని తీసుకొచ్చేవాళ్లు. పొలం వదిలి మొదటిసారి సముద్రం చూసిన రైతు తెడ్డు పట్టుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో ఎవరూ రాయలేదు. నేను మిరప వేసేవాణ్ణి, నాకు ఆ మనిషి కథ కావాలి.

లంగరు
బానిసలే అని నేనెక్కడ రాశాను? తెడ్లవాళ్లు అన్నాను. సరిగ్గా చదివి మాట్లాడండి. పైగా మీరు చెప్పే జీతగాళ్లు పాతకాలం పద్ధతివాళ్లు. అప్పుడు ఒకే బల్ల మీద ముగ్గురు కూర్చుని మనిషికో తెడ్డు వేసేవాళ్లు, దానికి నేర్పు కావాలి. 16వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఒకే పెద్ద తెడ్డుకి నలుగురైదుగురు పట్టుకునే పద్ధతి వచ్చింది. వాళ్లలో ఒక్కడికి పని తెలిస్తే చాలు, మిగతావాళ్లు బలం పెడితే సరిపోతుంది. గొలుసులు పెరిగింది అందుకే. ఓడ మీద పనిచేసినవాడికి ఇది చెప్పకుండానే అర్థమవుతుంది.

మిరపతోట
మీరు పనిచేసింది ఇంజిన్ ఓడ మీద సార్. తెడ్డు మీరూ పట్టలేదు, నేనూ పట్టలేదు. తెడ్డు మారింది కాబట్టే గొలుసులు పెరిగాయంటే ఎలా? జీతానికి మనుషులు దొరక్కపోవడం కూడా కారణం కాదా? పొలం పనికి మనిషి దొరకనప్పుడు ఏమవుతుందో నాకు తెలుసు. లెపాంటోలో గెలిచాక ఒట్టోమన్ గ్యాలీల నుంచి విడిపించిన క్రైస్తవ బానిసలే దాదాపు 12,000 మంది అంటారు. అంతమందిని పట్టుకొచ్చి కూర్చోబెట్టారంటే జీతగాళ్ల కరువు ఏ స్థాయిలో ఉందో చూడండి.

లంగరు
కరువు కూడా ఒక కారణమే, అంత వరకు ఒప్పుకుంటాను. ఇంజిన్ ఓడ అని చిన్నచూపు చూడొద్దు. గ్రెగాల్ ఇంజిన్ ఓడని కూడా వదిలిపెట్టదు.

స్లీమా బస్సు
మూడేళ్లుగా మాల్టాలో నర్సుగా పనిచేస్తున్నాను, ఈ చర్చ చూసి ప్రాణం లేచొచ్చింది. మీరందరూ నైట్లూ పాషాలూ అంటున్నారు గానీ మాల్టా మనుషుల గురించి ఒక్కరూ మాట్లాడలేదు! నా పేషెంట్లలో ముసలమ్మలు రోజరీ పట్టుకుని దేవుణ్ణి 'అల్లా' అని పిలుస్తారు. ఈస్టర్ ముందు ఉపవాసాల్ని 'రండాన్' అంటారు, రంజాన్ మాటే అది. భాష పుట్టింది అరబిక్ నుంచి, మతం పక్కా కేథలిక్. మొదటి వారం నాకు నోట మాట రాలేదు. 1565లో గోడకి అటూ ఇటూ ఉన్నవాళ్లు ఇద్దరూ ఆ పేరే పిలిచి చనిపోయారని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్కడి సెంగ్లియా పట్టణం దగ్గర ఏమైందో తెలుసా? ఒట్టోమన్ల పడవలు ఒడ్డుకి రాకుండా నీళ్లలో దుంగలు పాతి గొలుసులతో కట్టారు. వాటిని నరకడానికి ఒట్టోమన్ ఈతగాళ్లు గొడ్డళ్లతో వస్తే, మాల్టా కుర్రాళ్లు కత్తులు నోట కరుచుకుని నీళ్లలో దూకారు. ఇద్దరూ ఈదుతూనే కొట్టుకున్నారు. కవచం లేదు, జెండా లేదు. మీ జాలరి కుర్రాడు ఉండాల్సింది అక్కడే అండీ.

పాతపుస్తకం
ఈ ఈతగాళ్ల సంగతి నాకు తెలియదు మేడమ్. చాలా బాగుంది.

అక్షరసేద్యం
గ్యాలీకి ఏ మాట అని అడిగారు, ఎవరూ జవాబివ్వలేదు. 'తెడ్ల ఓడ' అనండి, మొదటిసారి ఒక్క వాక్యంలో వివరించండి, చాలు. కానీ అంతకంటే ముఖ్యమైంది ఇంకోటి. ఆ సైన్యాన్ని 'తురకలు' అని మాత్రం రాయకండి. మాట పుట్టింది టర్క్ నుంచే, నిజమే, కానీ మన ఊళ్లలో దాన్ని ఎవర్ని, ఏ గొంతుతో అంటారో అందరికీ తెలుసు. పైగా ఆ సైన్యానికి అది సరిపోదు కూడా. ఉలూజ్ అలీ ఇటలీ కలాబ్రియాలో క్రైస్తవుడిగా పుట్టాడు, బందీగా తెడ్డు వేశాడు, చివరికి ఒట్టోమన్ నౌకాదళానికే అధిపతి అయ్యాడు. అతణ్ణి ఆ మాటతో ఎలా పిలుస్తారు?

మనం రోజూ అనే ఫిరంగి కూడా ఆ సముద్రం నుంచి వచ్చిందే. అరబ్బులు పడమటి క్రైస్తవులందర్నీ ఫ్రాంకులనేవాళ్లు. అది ఫరంగీ అయి, మనదాకా వచ్చేసరికి వాళ్లు తెచ్చిన పెద్ద తోపు పేరైంది.

పాతపుస్తకం
'ఉస్మానియా సైన్యం' అంటే? పాత పుస్తకాల్లో ఉస్మానియా సామ్రాజ్యం అనే రాసేవాళ్లు.

అక్షరసేద్యం
తప్పేం లేదు గానీ మనవాళ్లకి యూనివర్సిటీ గుర్తొస్తుంది. ఆ ఉస్మాన్ ఏడో నిజాం, ఈ ఉస్మాన్ రాజ్యం స్థాపించినవాడు. చుట్టరికం మాత్రం తర్వాత కలిసింది. 1931లో నిజాం కొడుకులిద్దరికీ ఒట్టోమన్ వంశపు రాజకుమార్తెలనిచ్చి పెళ్లిళ్లు చేశారు. ఎక్కడో తెలుసా? నీస్‌లో. బురుజు గారు చెప్పిన ఆ నీస్‌లోనే.

కొండారెడ్డి బురుజు
ఆ పెళ్లికూతుళ్లలో ఒకరు నీలోఫర్! మా అమ్మాయి పుట్టింది నీలోఫర్ ఆసుపత్రిలోనే. బార్బరోసా ముట్టడించిన ఊరికీ, ఆ ఆసుపత్రి పేరుకీ ఇంత దగ్గర ముడి ఉందని ఈ రోజుదాకా నాకు తట్టలేదు.

గోదారిగట్టు
అందరూ చెప్పింది రెండుసార్లు చదివాను. నగారా తీసేశాను. బురుజు గారూ, మీ ప్రశ్న రాత్రంతా నిద్రపోనివ్వలేదు. లా వాలెట్ కూడా 1541లో పట్టుబడి ఏడాది పాటు ఒట్టోమన్ల దగ్గర తెడ్డు వేశాడు. మాల్టాలో చనిపోయిన ఒట్టోమన్ నౌకా నాయకుడు తుర్గుత్ రయీస్ కూడా అంతకుముందు జెనోవావాళ్ల గ్యాలీలో గొలుసుల్లో ఉన్నాడు. ఇదంతా నోట్సులో రాసుకుని కూడా కథలోకి తేలేదు. ఇప్పుడు మొదటి అధ్యాయం మార్చి రాస్తున్నాను, ఓడ నైట్లది, కుర్రాడు ట్యునీషియా దగ్గరి జెర్బా దీవివాడు. మొదలు ఇలా ఉంది:

'ఈల రెండుసార్లు మోగింది. ఐదుగురూ ఒక్కసారే లేచి, ముందు బల్ల మీద కాలు తన్నిపెట్టి, తెడ్డుతో పాటు వెనక్కి పడ్డారు. యూసుఫ్ అరచేతిలో నిన్నటి పొక్కు పగిలి కర్ర జారింది. పక్కనున్న ముసలాయన చూడకుండానే తన తలగుడ్డ కొస చింపి అతని వైపు తోశాడు.'

మిరపతోట
ఆ ముసలాయన ఏ ఊరివాడు? ఏం పండించేవాడు?

లంగరు
తలగుడ్డ కాదండీ. తెడ్లవాళ్లకి గుండు గీసేవాళ్లు, ఎర్ర టోపీ ఇచ్చేవాళ్లు. నడుము గుడ్డ కొస అని రాయండి. మిగతాదంతా బాగుంది.

స్లీమా బస్సు
సెప్టెంబర్ 8 ఇక్కడ ముట్టడి ముగిసిన రోజు, సెలవిస్తారు. గ్రాండ్ హార్బర్‌లో పడవ పందాలు జరుగుతాయి, బిర్గు, సెంగ్లియా కుర్రాళ్లు పోటీ పడి తెడ్లు వేస్తారు. ఈసారి డ్యూటీ మార్పించుకుని వెళ్తున్నాను. తెడ్డు లాగేటప్పుడు వాళ్ల చేతులు ఎలా ఉంటాయో దగ్గర్నుంచి చూసి రాస్తాను. అధ్యాయం అప్పటిదాకా ఆపండి.